కుడికాలి తొందర

అన్నయ్య ప్యాంటు కాళ్లు మోకాళ్ల పైదాకా మడుచుకుని సిమెంటు దిమ్మె మీద కూర్చున్నాడు. ఆమె అతని ముందు గొంతుకూర్చుని తెల్ల బిళ్లలు ఒక్కొక్కటే అంటించింది. మడమకి ఒకటి, చీలమండకి ఒకటి, మోకాలి పక్కన ఒకటి. చెమటకి మోకాలి బిళ్ల నిలవడం లేదు. పాత గుడ్డతో తుడిచి మళ్లీ నొక్కింది. నొక్కినప్పుడు ఎడమ మోకాలు చటుక్కున వెనక్కి జరిగింది.

“చక్కిలిగిలా?” అంది.

“ఆఁ” అన్నాడు అన్నయ్య.

షెడ్డు పెరట్లో ఆరు మెట్లు కట్టించి పెట్టారు. ఎత్తు జానెడు, వెడల్పు మూరెడు. కొండకున్న మెట్లు ఎలా ఉంటాయో అచ్చం అలాగే. కొండ మీద మూడు వందల ఇళ్లున్నాయి గానీ బండి వెళ్లే దారి లేదు. సిమెంటైనా, గ్యాసు బండైనా, మంచమైనా మనిషి వీపు మీదే పైకి పోవాలి. అన్నయ్య ఆ పని ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాడు. ఆ పని చేసే యంత్రానికి కాలు తయారుచెయ్యడం ఆమె ఉద్యోగం.

ఆరు కాళ్లతో మెట్లెక్కాల్సిన ఆ యంత్రానికి మోత కూలీలు పీత అని పేరు పెట్టారు. పీతకి చట్రం వచ్చింది, మోటారు వచ్చింది, కాళ్లే రాలేదు. పోయిన నెల చేసిన మొదటి కాలు మెట్టు మీద అడుగు వెయ్యలేదు, చెంపదెబ్బ కొట్టింది. రెండుసార్లు పిన్ను విరిగింది. పైన పెట్టిన నీళ్ల డబ్బా ఎగిరొచ్చి లేతు మిషను నడిపే పెద్దాయన ఒళ్లో పడింది. అందరూ లేతు బాబాయి అని పిలిచే ఆ పెద్దాయన, “నాకు స్నానం అయింది, ఇంక బట్టలు మార్పించండి” అన్నాడు. అప్పుడే షెడ్డు నడిపే సారుకి ఆలోచన వచ్చింది. బరువు మోసే మనిషి పాదం మెట్టు మీదికి ఎలా దిగుతుందో చూసి, పీత పాదాన్ని కూడా అలాగే దించాలి. కొండ మీద అందరికంటే మెత్తగా అడుగేసేది ఎవరని కూలీల మేస్త్రీని అడిగాడు. మేస్త్రీ ఆలోచించకుండా అన్నయ్య పేరు చెప్పాడు.

“నా నడక కాజేసి నా పొట్టే కొడతారన్నమాట” అన్నాడు అన్నయ్య లేచి నిలబడుతూ.

“ముందు దాన్ని నిలబడనీ అన్నయ్యా.”

“ఏం భయం లేదులే” అన్నాడు లేతు బాబాయి. “మన స్కేలమ్మ కాలు పూర్తిచేసేసరికి నీ మనవలు కూడా రిటైరవుతారు.”

ఆమె చేతిలో ఎప్పుడూ స్టీలు స్కేలు ఉంటుందని ఆ పేరు పెట్టింది ఆయనే.

ఇద్దరూ కలిసి యాభై కిలోల సిమెంటు బస్తా అన్నయ్య వీపుకెత్తారు. అతను ఒకసారి ఊపిరి తీసుకుని మెట్లెక్కాడు. ఆమె ఎడమ పక్క నుంచి ఆరుసార్లు, కుడి పక్క నుంచి ఆరుసార్లు ఫోనుతో వీడియో తీసింది. అడుగు పడిన చప్పుడు లేదు. బస్తా కుట్ల లోంచి దుమ్మైనా రాలలేదు. పన్నెండోసారి దిగాక అన్నయ్య చెంబుడు నీళ్లు తాగి, ప్యాంటు దించుకుని, మామూలుగా పనిలోకి వెళ్లిపోయాడు.

*

మర్నాడంతా ఆమె ఫోను ముందే కూర్చుంది. వీడియోని కొంచెం కొంచెంగా జరుపుతూ, ఆపిన చోటల్లా మడమ మీది తెల్ల బిళ్ల ఎక్కడుందో కొలిచి, గళ్ల కాగితం మీద చుక్క పెట్టడం. ఆపడం, కొలవడం, చుక్క. మధ్యాహ్నానికి ఎడమ పాదం నడిచిన దారి మొత్తం కాగితం మీదికి వచ్చింది. పైకి లేచేటప్పుడు చుక్కలు ఎడంగా ఉన్నాయి. మెట్టు అంచు దాటాక దగ్గరపడ్డాయి. మెట్టుని తాకబోయే ముందు ఒకదాన్నొకటి ఒరుసుకునేంత దగ్గరగా వచ్చాయి. చుక్కలు దగ్గరపడితే పాదం నెమ్మదించినట్టు. ఆమె నెల రోజులుగా వెతుకుతున్న గీత అదే.

సాయంత్రానికి కుడి పాదం కూడా అయింది. అది అలా లేదు. లేచిందే తడవుగా వచ్చి మెట్టు మీద పడింది. ఆఖరి చుక్కల మధ్య కూడా వేలు పట్టేంత సందుంది. తప్పు కొలిచానేమోనని ఇంకో నడక తీసి చూసింది. అదీ అంతే. మూడోదీ అంతే.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. ఒక పాదం గాల్లో ఉన్నంతసేపూ బరువంతా రెండో కాలి మీదే ఉంటుంది. కుడి పాదం గాల్లో ఉన్నప్పుడు బస్తానీ మనిషినీ మోసేది ఎడమ కాలు. అది ఎక్కువసేపు మొయ్యలేకపోతే కుడి పాదం పరిగెత్తుకొచ్చి నేల అందుకోక తప్పదు.

సారు రెండు గ్లాసుల టీ పట్టుకుని వచ్చాడు. ఆమెకంటే నాలుగేళ్లు చిన్నవాడు, మర్యాదస్తుడు. ఆమె బల్ల మీదికి వంగి, “అదేంటి, రెండూ రెండు రకాలుగా ఉన్నాయి?” అన్నాడు.

“ఎడమ మోకాలు బరువు తీసుకోవడం లేదు సార్. అందుకే కుడికాలు తొందరపడుతోంది.”

లెక్క తేలిన ఉత్సాహంలో అనేసింది. సారు ఈల వేశాడు.

“చుక్కలు చూసి మోకాలి సంగతి చెప్పేస్తున్నారే! మీరు డాక్టరవ్వాల్సింది.”

ఆమె నవ్వింది కూడా. సారు వెళ్లాక టీ తాగుతుంటే, నిన్న తన వేలి కింద చటుక్కున వెనక్కి జరిగిన మోకాలు గుర్తొచ్చింది. గ్లాసు సగంలోనే కింద పెట్టేసింది. రాత్రి అడుగుదామనుకుంది. ఇంటికి వెళ్లేసరికి అన్నయ్య గోడకి తిరిగి పడుకుని ఉన్నాడు. లేపలేదు.

*

గురువారం పొద్దున్నించీ అట్టముక్కల పని. మోటారు తిప్పేది గుండ్రంగా. పాదం నడవాల్సింది మాత్రం గుడ్డుని నేలకేసి నొక్కితే ఎలా ఉంటుందో అలాంటి దారిలో. ఆ గుండ్రాన్ని ఈ గుడ్డుగా మార్చేవి మధ్యలో ఉండే పట్టీలు, వాటి కీళ్లు. ఇనుములో చెయ్యబోయే ముందు ఆమె అన్నీ అట్టతో చేసుకుంటుంది. అట్ట పట్టీలు, కీళ్లకి గుండుసూదులు, పాదం ఉండాల్సిన చోట పెన్సిలు ముక్క. చక్రాన్ని వేలితో కొంచెం కొంచెం తిప్పుతూ, తిప్పినప్పుడల్లా పెన్సిలుతో ఒక చుక్క. ఒక చుట్టుకి ముప్పై ఆరు చుక్కలు. తర్వాత అన్నయ్య ఎడమ పాదం కాగితాన్ని దాని మీద వేసి, కిటికీ అద్దానికి ఆనించి చూడటం.

మూడో పట్టీ పొడుగు పెంచితే గీత తోక పైకి లేస్తోంది. తగ్గిస్తే పాదం మెట్టుని గీరుతోంది. పదకొండు అట్టలు చించి పారేసింది. పన్నెండోసారి పట్టీని ఏడు మిల్లీమీటర్లు పెంచి, చట్రానికి బిగించే సూదిని నాలుగు కిందికి దించింది. ఆఖరి అయిదు చుక్కలూ అన్నయ్య చుక్కల మీద ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి.

ఆమె ఇంటికి వచ్చేసరికి ఇంకా ఎండ పోలేదు. అన్నయ్య గడప మీద కూర్చుని, వీపు మీద వేసుకునే గోనె మడతపెడుతున్నాడు. మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెడుతున్నాడు. ముందు గదిలో వదిన ఎవరివో చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. ఇస్త్రీ చెయ్యడం వదిన బతుకుతెరువు. ఎంత పనున్నా చేతితో పాటు నోరూ నడుస్తూ ఉండేది. ఇవాళ పెట్టె చప్పుడొక్కటే వినిపిస్తోంది.

“తొందరగా వచ్చేశావే అన్నయ్యా?”

“మేస్త్రీ వెళ్లమన్నాడు.”

“వెళ్లమన్నాడంటే ఇవాళ్టికి కాదు” అంది వదిన తలెత్తకుండా. “ఇంక రావద్దన్నాడు.”

“ఏమని?”

అన్నయ్య పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. “ఎడమ మోకాలు బరువు తీసుకోవడం లేదంట. అందుకని కుడికాలు తొందరపడుతోందంట. బస్తాతో పడితే తన మీదికొస్తుందంట.”

మొదటి రెండు ముక్కలూ మాటకి మాట తనవే. ఒక్క అక్షరం కూడా అటూ ఇటూ కాలేదు. ఆమె చెప్పులు విప్పి గోడవారగా పెట్టింది. కాళ్లు కడుక్కుంది. వదిన కంచం పెడితే కూర్చుని తింది. ఏం తిందో తెలియలేదు గానీ కంచం ఖాళీ అయింది. లోపల ఏదో జరగాలి, భయమో ఏడుపో రావాలి. ఏదీ రాలేదు. చలికి మొద్దుబారిన వేలిని గిల్లి చూసుకున్నట్టుంది, అంతే.

“పెట్టనా ఇంకొంచెం?” అంది వదిన.

“వద్దొదినా.”

*

శుక్రవారం సారు గదికి వెళ్లి, నిలబడే అడిగింది. “మోకాలి సంగతి మేస్త్రీతో అన్నారా సార్?”

సారు ముఖంలో ఏ కల్మషమూ లేదు. “ఆఁ, టీ కొట్టు దగ్గర కనిపిస్తే అన్నాను. ఎవరికైనా చూపించమనండి, ముదిరితే కష్టం అన్నాను. ఏం?”

“మా అన్నయ్యని పనిలోంచి తీసేశాడు.”

“అయ్యయ్యో! నేను మంచికే కదండీ చెప్పాను! తీసెయ్యమన్నానా?” సారు అప్పటికప్పుడు మేస్త్రీకి ఫోను చేశాడు. అవతలి గొంతు ఆమెకి కూడా వినిపిస్తూనే ఉంది. మీరే కదా సార్ చెప్పారు, యంత్రంలో పెట్టి చూశారంట కదా, రేపు మెట్ల మీద పడి చస్తే నన్నేగా అంటారు అంటోంది. సారు “నిజమే గానీ, నిజమే గానీ” అని నాలుగుసార్లు అన్నాడు. ఫోను పెట్టేసి, “ఆయన భయం ఆయనది” అన్నాడు బాధగా.

అందరూ మంచివాళ్లే. ఎవరినీ ఒక్క మాట అనడానికి లేదు. ఆమె తన బల్ల దగ్గరికి వచ్చి ఇనుప పట్టీలు తీసింది.

ఒకే పొడుగున్న పట్టీలు రెండేసి కలిపి బిగించి, రెండింటికీ ఒకేసారి రంధ్రాలు వెయ్యాలి. విడివిడిగా వేస్తే వెంట్రుకవాసి తేడా వస్తుంది. పిన్ను అరగకుండా తిరగడానికి రంధ్రాల్లో కంచు గొట్టాలు, బుష్షులు, దింపాలి. లేతు బాబాయి బుష్షులు తిప్పి ఇస్తుంటే ఆమె అంచులు ఆకురాయితో నున్నగా చేసి, పిన్ను దూర్చి ఆడించి చూస్తోంది.

“ఒక్కో కీలులో వెంట్రుకంత వదులున్నా, పాదం దగ్గరికి వెళ్లేసరికి వేలెడవుతుంది” అన్నాడు లేతు బాబాయి. “పుకారులాంటిది స్కేలమ్మా. ఒక్కో ఇల్లూ దాటేకొద్దీ పెరుగుతుంది.”

ఆమె ఆకురాయి పోట్లు లెక్కపెట్టుకుంటోంది. పద్దెనిమిది, తిప్పు, పద్దెనిమిది. బాబాయి దగ్గరికి వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

“ఆపమ్మా. చూసుకున్నావా?”

బుష్షు మీద నెత్తురుంది. చూపుడువేలి చివర చర్మం లేచిపోయింది. ఎప్పుడు తెగిందో ఆమెకి తెలియదు. బాబాయి గుడ్డ పీలిక చింపి కట్టు కట్టాడు.

“నొప్పెట్టలేదా?”

“లేదు బాబాయ్.”

ఆయన ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. “ఇంట్లో చెప్పావా, ఆ మాట అంది నువ్వేనని?”

ఆమె తల అడ్డంగా ఊపింది. బాబాయి ఆకురాయి తన చేతిలోకి తీసుకున్నాడు. మిగిలిన మూడు బుష్షులూ తనే నున్నగా చేసి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

*

శనివారం మధ్యాహ్నం కాలు నిలబడింది. ఇనుప స్టాండుకి బిగించిన ఒంటి కాలు, పక్కన మోటారు, కింద ఒక సిమెంటు మెట్టు. కాలి పైన పలక మీద సారు నిండా నీళ్లు పోసిన గిన్నె పెట్టాడు. లేతు బాబాయి ఈసారి రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు.

ఆమె మీట నొక్కింది. చక్రం కదిలింది. పట్టీలు ఒకదాన్నొకటి లాక్కుంటూ ముడుచుకున్నాయి. పాదం లేచింది, మెట్టు అంచు దాటింది, గాల్లో నెమ్మదించింది. ఉందో లేదో చూసుకుంటున్నట్టు మెట్టుని తాకి, తర్వాత ఆనింది. గిన్నెలో నీళ్ల మీద ఒక్క వలయం లేచి అణిగిపోయింది. మళ్లీ లేచింది. మళ్లీ అలాగే దిగింది. యాభైసార్లు తిరిగినా చుక్క నీరు ఒలకలేదు.

సారు చప్పట్లు కొట్టాడు. అటు నుంచి వెళుతున్న మేస్త్రీని గేటు దగ్గరికి వెళ్లి మరీ పిలుచుకొచ్చాడు. మేస్త్రీ ఒకప్పుడు తనూ మోసినవాడే. ఎనిమిదేళ్లుగా మొయ్యడం మానేసి మోయిస్తున్నాడు. లావుపాటి మనిషి, చేతిలో చిన్న పుస్తకం. నడుము మీద చెయ్యి వేసుకుని కాలుని పది అడుగులు చూశాడు.

“మెత్తగానే వేస్తోందే” అన్నాడు. కాసేపాగి, “ఇది వాడి అడుగే” అన్నాడు.

“ఆయన ఎడమ పాదమండీ” అన్నాడు సారు హుషారుగా. “కుడిది బాగా రాలేదు. ఎడమదే తీసుకున్నాం.”

ఆమె మీట ఆపింది. పాదం సగం గాల్లో ఆగింది.

“నొప్పున్న కాలు కదా సార్. ఎక్కడ పడితే అక్కడ వెయ్యలేదు. అందుకే అంత నెమ్మదిగా దిగుతుంది” అంది.

మేస్త్రీ పుస్తకం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

“ఏదైతేనేం, వచ్చింది కదా!” అన్నాడు సారు. మేస్త్రీ వెళ్లాక, “ఆ రెండు కాగితాలూ బీరువాలో పెట్టి తాళం వేసెయ్యండి. ఇప్పుడు మన ఆస్తల్లా అవే. బయటికి పోకూడదు” అన్నాడు.

“సరే సార్” అంది. బీరువా తాళం తీసింది, వేసింది. కాగితాలు చుట్టచుట్టి చంకలో పెట్టుకుని ఇంటికి బయల్దేరింది. దొంగతనం చేస్తున్నట్టు లేదు, దొర పని చేస్తున్నట్టూ లేదు. కాళ్లు నడుస్తున్నాయి, అంతే.

*

అన్నయ్య గడప మీదే ఉన్నాడు. ఆమె ఎదురుగా కూర్చుంది.

“మేస్త్రీ అన్న మాట నాదే అన్నయ్యా. సారుతో నేనే అన్నాను.”

“తెలుసు.”

“ఎప్పట్నించి?”

“మేస్త్రీ నోట్లోంచి వచ్చినప్పుడే. కాలు తొందరపడుతోంది అని మాట్లాడేవాళ్లు ఈ కొండ మొత్తానికి ఎవరున్నారు? ఆయనకైతే కుంటుతున్నావురా అనడమే వచ్చు.”

“మరి అడగలేదే?”

“అడిగితే?” అన్నాడు. కోపం లేదు. ఆమెకి అదే కష్టంగా ఉంది.

లోపల ఇస్త్రీ పెట్టె ఆగింది. వదిన వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. “రెండేళ్ల నించీ చెబుతూనే ఉన్నాడు ఆ మేస్త్రీకి” అంది. “కింద కాంటా దగ్గర వెయ్యండి, తూకం చూస్తాను, బస్తాలు సర్దుతాను అని. ఆయనేమన్నాడో తెలుసా? వాపేదీ అన్నాడు. వాపు లేకుండా నొప్పేంటి, నాటకాలాడుతున్నావు అన్నాడు. రెండేళ్లు నాటకం. మొన్న నువ్వు ఒక్క ముక్క అనేసరికి నిజమైపోయింది.”

ఆమె కాగితాలు విప్పి గడప మీద పరిచింది. అన్నయ్య ముందుకి వంగాడు.

“ఏంటివి?”

“నీ అడుగులు. ఇది ఎడమది. ఇది కుడిది. చుక్కలు దగ్గరగా ఉంటే నెమ్మది. ఎడంగా ఉంటే తొందర.”

అతను వేలితో ఒక్కొక్క చుక్కా తాకుతూ లెక్కపెట్టాడు. ఎడమది ముగించి కుడిదానికి వచ్చాడు. ఆఖరి చుక్కల దగ్గర వేలు ఆగింది. సందులోకి వేలు దూర్చి చూసుకున్నాడు. సరిగ్గా పట్టింది.

“ఇక్కడే” అన్నాడు. “ఇక్కడే లోపల సూది గుచ్చినట్టుంటుంది. ఎలా తెలిసింది దీనికి?”

అన్నయ్య కాగితాన్ని చాలాసేపు అలాగే చూశాడు. తర్వాత, “ఇది నాకిస్తావా?” అన్నాడు.

సారు మాట గుర్తుంది. ఆమె జేబులోంచి పెన్సిలు తీసింది. కాగితాల మీద అతని పేరు, తారీఖు, మోసిన బరువు, మెట్టు ఎత్తు రాసింది. “ఎడమ మోకాలు బరువు తీసుకోవడం లేదు” అని రాసి, కింద సంతకం పెట్టింది. వదిన చొక్కాల మడతల్లో పెట్టే అట్టలు రెండు తెచ్చి, కాగితాలు వాటి మధ్యన పెట్టి దారంతో కట్టింది.

“చెమట చేతులతో నలపకు” అంది మొగుడితో.

చీకటి పడకముందే అన్నయ్య అట్ట పట్టుకుని కొండ మెట్ల దగ్గరికి వెళ్లాడు.

*

ఆదివారం షెడ్డుకి సెలవు. కొత్త కాలికి నూనె పెడదామని ఆమె ఒక్కతే వచ్చింది. తొమ్మిదింటికి గేటు చప్పుడైంది. పదకొండు మంది మోత కూలీలు నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు, కొండ మీద అందరూ తాత అని పిలిచే ముసలాయన. ఆ పదకొండు మంది వెనక అన్నయ్య.

“తల్లీ, నాకు నడుము దగ్గర్నుంచి పాదం దాకా లాగేస్తుంది” అన్నాడు తాత. “మేస్త్రీ నమ్మడు. మా ఇంటిది కూడా నమ్మదు. నీ చుక్కలు నమ్ముతారంట కదా, నావీ పెట్టు.”

“నిన్న మేస్త్రీ ఏమన్నాడు?” అని ఆమె అన్నయ్యని అడిగింది.

“చూశాడు. అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. గీతలు ఎవరైనా గీస్తారన్నాడు. ఇచ్చేశాడు.”

ఆమె ఫోను స్టాండు బయటికి తెచ్చింది. అంతలోనే సారు స్కూటరు వచ్చి ఆగింది. కూలీలు ఇటు రావడం చూసి లేతు బాబాయి కబురు చెప్పినట్టున్నాడు. పదకొండు మందినీ, అన్నయ్య చంకలోని అట్టనీ చూసి సారుకి ముందు ఏం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమెని పక్కకి పిలిచాడు.

“కాగితాలు బయటికి ఇవ్వొద్దన్నాను కదండీ.”

“ఇచ్చాను సార్.”

“ఇచ్చాను సార్ అంటే ఎలా?”

“మా అన్నయ్య కాళ్లు సార్ అవి.” గొంతు పెంచలేదు. “ఇంకో పదకొండు జతలు వచ్చాయి. పీతకి ఆరు కాళ్లు కావాలి, ఒక్క నడక చాలదని మీరే అన్నారు. తీస్తాను. ఒక్కొక్కరివి రెండేసి గీస్తాను. ఒకటి మనకి, ఒకటి ఆ మనిషికి. ఎవరి సంగతి వాళ్లకే చెబుతాం. ఇంకెవరికీ చెప్పం, టీ కొట్టు దగ్గర కూడా. సరేనంటే బస్తా ఎత్తుతాను.”

సారు ముఖం ఎర్రబడింది. గేటు వైపు చూశాడు, మెట్ల వైపు చూశాడు. పదకొండు నడకలు ఏ లంచమూ లేకుండా నడిచి వచ్చి నిలబడ్డాయి. “టీ కొట్టు సంగతి... సరే” అన్నాడు. చొక్కా చేతులు మడుచుకుని బస్తా రెండో చివర తనే పట్టుకున్నాడు.

మధ్యాహ్నం దాకా నడిచారు. ఒకరు నడుస్తుంటే మిగిలినవాళ్లు గోడ నీడలో కూర్చుని వేళాకోళాలు ఆడారు. “పెళ్లిచూపులకి కూడా ఇన్నిసార్లు నడవలేదురా” అన్నాడొకడు. బస్తా వీపుకెక్కాక మాత్రం అతని నోరు మూతపడింది. ఆమె బిళ్లలు అంటించేటప్పుడు ప్రతి మోకాలి దగ్గరా ఒక్క క్షణం ఆగి, వేలితో మెల్లగా తాకి, ముఖంలోకి చూసింది. మెట్టుని తాకబోయే ముందు చుక్కలు మాత్రమే పెడుతూ రాత్రంతా కూర్చుంటే సోమవారం పొద్దుటికి లెక్క తేలింది. పదకొండు మందిలో ఏడుగురికి ఏదో ఒక పాదం తొందరపడుతోంది.

ఏడుగురూ అన్నయ్యని తీసుకుని మేస్త్రీ దగ్గరికి వెళ్లారు. అక్కడేం జరిగిందో మధ్యాహ్నం తాత వచ్చి చెప్పాడు. ఎనిమిది జతల కాగితాలు బల్ల మీద పెట్టారంట. అందరినీ తీసేస్తానన్నాడంట మేస్త్రీ. తీసెయ్యండి, పైకి సిమెంటు పీత మోస్తుంది, దానికి మొన్ననే ఒక కాలు వచ్చింది అన్నాడంట తాత. మేస్త్రీకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలీలేదంట. చివరికి కాంటా దగ్గర ఇద్దరిని వంతులవారీగా వేస్తానన్నాడు. నొప్పున్నవాళ్లకి సగం బస్తాలే. మొదటి వంతు అన్నయ్యది.

సాయంత్రం అన్నయ్య ఇంటికి సిమెంటు దుమ్ముతోనే వచ్చాడు. సంతోషంగా ఉన్నాడని చెప్పలేం. మధ్యాహ్నం నుంచీ నిలబడినందుకు నడుము పట్టిందన్నాడు. వదిన మాత్రం ఇస్త్రీ పెట్టె ఆపకుండా, కాంటా దగ్గర ఎవరేం మాట్లాడారో అడిగి అడిగి చెప్పించుకుంది. ఆమె ఒక మూల కూర్చుని వింది. తెగిన వేలు అప్పుడు సలపడం మొదలుపెట్టింది. కట్టు విప్పి చూసుకుంది. ఇంకా పచ్చిగానే ఉంది.

*

మంగళవారం మధ్యాహ్నం, బాబాయీ సారూ భోజనానికి వెళ్లిన వేళ, మేస్త్రీ వచ్చాడు. గేటు లోపలికి రాకుండా అటూ ఇటూ చూశాడు.

“ఎవరూ లేరా?”

“లేరండీ.”

పెరట్లోకి వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు. పుస్తకం దిమ్మె మీద పెట్టాడు.

“మొయ్యడం మానేసి ఎనిమిదేళ్లయింది” అన్నాడు. “ఇప్పుడు తీస్తే పడుతుందా?”

ఆమె స్టాండు తెచ్చి పెట్టింది. ఆయన కూర్చుని, కష్టపడి వంగి ప్యాంటు మడుచుకున్నాడు. బిళ్లలు అంటిస్తుంటే కళ్లు వేరే వైపు తిప్పుకున్నాడు. బస్తా వద్దంది. వినలేదు. సగం బస్తా తనే భుజానికెత్తుకున్నాడు. ఆమె ఎడమ పక్క నుంచి రెండుసార్లు, కుడి పక్క నుంచి రెండుసార్లు తీస్తుంటే ఎక్కాడు. దిగాక దిమ్మె మీద కూలబడి, ఊపిరి అందాక అడిగాడు.

“ఏ కాలు?”

చుక్కలు పెట్టక్కర్లేదు. ఫోనులో వెనక్కి జరిపి రెండుసార్లు చూస్తే చాలు.

“రెండూ మేస్త్రీ గారూ.”

ఆయన తలూపాడు. అడక్కముందే తెలిసిన మాటలాగే విన్నాడు.

“ఒకటే పోతే కుంటుతాం. రెండూ పోతే కుంటు ఉండదమ్మా. అందుకే ఎవరికీ తెలీలేదు. నాకు మాత్రం తెలుసు, అందుకే మేస్త్రీనయ్యాను.” ఒక్కొక్క బిళ్లా పీకి అరచేతిలో పెట్టుకున్నాడు. “ఎవరికీ చెప్పకు.”

“చెప్పనండీ. కాగితం గీసి ఇవ్వనా?”

మేస్త్రీ బిళ్లలు దిమ్మె మీద పెట్టాడు. ప్యాంటు దించుకున్నాడు. దుమ్ము దులుపుకున్నాడు. పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు.

“ఇవ్వు” అన్నాడు. “సాయంత్రం వస్తాను. మా ఆవిడకి చూపించాలి.”